బాపు విన్న సన్నటి ఈల

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. కారుకు ట్యూనింగ్ చేయించిన రోజు సాయంత్రం, పాల్మాకుల దగ్గర సర్వీస్ రోడ్డు నుంచి హైవే ఎక్కుతూ మొదటిసారి యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కినప్పుడు, అద్దాలన్నీ మూసి ఉన్న కారులో నేను ఒక్కదాన్నే గట్టిగా కేక పెట్టాను. భయంతో కాదు, సంతోషంతో. కారు నన్ను సీటుకేసి నొక్కింది. వెనక వస్తున్న కంటెయినర్ లారీ అద్దంలో చిన్నదైపోయింది. ఆ కేక నా గొంతులోంచే వచ్చిందా అని ఇంటికి చేరేదాకా ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

నన్నెరిగినవాళ్ళు దీన్ని నమ్మరు. ఆఫీసులో నా కుర్చీ చక్రం ఊడిపోతే, కొత్త కుర్చీ అడగడానికి మొహమాటపడి మూడు నెలలు ఒక పక్కకు ఒరిగి కూర్చున్న మనిషిని. నలుగురున్న చోట నా మాట నాకే వినిపించదు. చదువుకోవడం, రాసుకోవడం, కారు నడపడం నాకిష్టం. మూడింటికీ ఇంకో మనిషి అక్కర్లేదు.

ఎయిర్‌పోర్టులో కార్గో వైపు ఒక ఆఫీసులో నాది కాగితాల పని. పొద్దున ఆరింటికి షిఫ్టు. ఆ వేళకు మా ఊరి నుంచి సరిగ్గా బస్సు దొరకదని బాపు, మా నాన్న, నాకు కారు ఇప్పించాడు. చిన్న కారే. మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజిను, దానికి టర్బో. టర్బో అంటే ఏమిటని అమ్మ అడిగితే బాపు చెప్పిన జవాబు నాకిప్పటికీ గుర్తుంది.

"పొయ్యిల కట్టెలు మండకపోతే గొట్టంతోని ఊదుతవ్ సూడు, గది. ఇంజిన్లకెల్లి బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతది. గా చక్రం మల్ల ఇంజిన్లకు గాలి ఊదుతది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ."

"ఊదేటోళ్ళకు కండ్లు మండుతయ్ గదా మరి?" అంది అమ్మ.

"మండుతయ్. గందుకే దానికి నూనె పోస్తరు."

బాపు ముప్పై ఏళ్ళు లారీ మెకానిక్‌గా పనిచేశాడు. హైవే పక్కన షెడ్డు ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది పోయింది. ఆ తర్వాత ఇంటి ముందు రేకుల కింద ఎవరిదైనా బైకో, ట్రాక్టరో వస్తే చూసేవాడు. ఎవరూ రాకపోతే నా కారు చూసేవాడు. ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి, ఏమీ లేకపోయినా ఏదో ఒకటి తుడిచేవాడు. నూనె మార్చడం, ఫిల్టర్లు మార్చడం అన్నీ ఆయనే. సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్ వస్తే, "మా ఇంట్ల డాక్టరున్నడమ్మా" అని పెట్టేసేవాడు.

కారుతో నాకున్న ఇబ్బంది ఒక్కటే. సర్వీస్ రోడ్డు మీంచి హైవేలోకి కలిసేచోట యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఏమీ జరిగేది కాదు. టర్బో చక్రం వేగం అందుకునేదాకా ఇంజిను తడబడేది. ఆ క్షణంలోనే వెనక లారీవాడు హారన్ మోగించేవాడు. రోజూ పొద్దున్నే ఎవరో నన్ను అందరి ముందూ తిట్టినట్టుండేది. ఆ హారన్ పడలేకే ట్యూనింగ్ గురించి చదవడం మొదలుపెట్టాను. నెలన్నర చదివాను. ఏదైనా చదివితేనే గాని ధైర్యం రాదు నాకు.

ట్యూనింగ్ చేసే ఆయన కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ మనిషి. మాట చాలా మర్యాద. శంషాబాద్‌లో ఒక హోటల్ పార్కింగ్‌లో కలిశాం. స్టీరింగ్ కింద ఒక వైరు తగిలించి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంజిను విప్పరాండీ?" అన్నాను.

"విప్పేదేం లేదండీ. ఎప్పుడు ఎంత గాలి ఊదాలి, ఎంత పెట్రోలు పోయాలి అని కారు కంప్యూటర్లో ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క మారుస్తాను, అంతే."

నేను ఇంటి దగ్గర వల్లె వేసుకుని వెళ్ళిన ప్రశ్న అప్పుడు అడిగాను. "తర్వాత్తర్వాత ఇంజిను పాడవుతుందా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. అది ఒప్పుకోవాలి. "ఊరికే పాడవదండీ. కాకపోతే ఇకనుంచి మిమ్మల్ని కాస్త ఎక్కువ అడుగుతుంది. కంపెనీ చెప్పిన పల్చటి ఆయిలే పోయించండి. అదీ వాళ్ళు చెప్పిన దాంట్లో సగం కిలోమీటర్లకే మార్పించండి. గట్టిగా నడిపాక వెంటనే ఆఫ్ చేయకండి. ఒక నిమిషం అలా తిరగనిచ్చి, టర్బో కాస్త చల్లబడ్డాక ఆపండి."

ఆయన చెప్పినవన్నీ ఇంటికొచ్చి డైరీలో అందంగా రాసుకున్నాను. ఒక్కటీ చేయలేదు.

చేయడానికి వీల్లేకపోయింది. నూనె సంగతి బాపుది. ముందే మార్చమంటే ఎందుకంటాడు. ఎందుకో చెప్పాలంటే ట్యూనింగ్ గురించి చెప్పాలి. ముప్పై ఏళ్ళు ఇంజిన్లు విప్పి బిగించిన మనిషికి, నువ్వు ముట్టుకోకుండా ఎవరో హోటల్ పార్కింగ్‌లో నా ఇంజిను మార్చేశాడని ఏ మొహంతో చెప్పను? ఇక ఆపే ముందు నిమిషం ఆగడం అంటారా, కార్గో గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. గేటుకు ముందు పొడవాటి ఖాళీ రోడ్డు. పొద్దున్నే దాని మీద నేను కారును పరుగెత్తించి, ఆ ఊపులోనే వచ్చి గేటు ముందు ఆగేదాన్ని. గార్డు చెయ్యి ఊపగానే ఇంజిను ఆఫ్ చేసి, బానెట్, డిక్కీ తెరవాలి. అది రూలు, అందులో తప్పేం లేదు. "అన్నా, ఒక్క నిమిషం" అంటే సరిపోయేది. ఆ ముక్క నా నోటివెంట రాలేదు. వెనక నాలుగు బళ్ళుండేవి. ఒకరోజు ఆ గార్డే బానెట్ ఎత్తి ముఖం వెనక్కి తీసుకుంటూ, "మేడం, మీ బండి మస్తు గరం ఉంటది రోజూ" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

ట్యూనింగ్ చేయించింది శివరాత్రి అయిన కొత్తలో. ఎండాకాలం బాగానే గడిచింది. వానలు తగ్గే వేళకు ఒక ఈల మొదలైంది. మొదట అది ఈలని అనుకోలేదు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిను చప్పుడు వెనకాల, చాలా సన్నగా, దోమ పాటలాగా వినిపించేది. నేను పాటల వాల్యూం పెంచుకున్నాను.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు బండ్లకు పసుపు, కుంకుమ, బంతిపూలు, టైర్ల కింద నిమ్మకాయలు. దానికి ముందు బాపుది ఒక అలవాటు ఉంది. నాడి చూడకుండా ఏ బండికీ బొట్టు పెట్టడు. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిను మీద ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు అదిమిపెట్టి, కళ్ళు మూసుకుంటాడు. లోపలి చప్పుడంతా ఆ ఇనుప కడ్డీలోంచి ఆయనకు వినిపిస్తుంది. చిన్నప్పుడు నా చెవికీ పెట్టేవాడు. నాకు అంతా ఒకటే మోతలా ఉండేది. ఆయన మాత్రం "గిది వాల్వు, గిది బేరింగు" అని మనుషుల్ని పేరుపేరునా చూపించినట్టు చెప్పేవాడు.

ఆ దసరా నాడు స్క్రూడ్రైవర్ పెట్టి, "జర రేజ్ చెయ్ బిడ్డా" అన్నాడు. చేశాను. కళ్ళు తెరిచి, ఇంకోచోట పెట్టి, "ఇంకోసారి" అన్నాడు. మళ్ళీ చేశాను.

"ఈల ఏస్తున్నదేంది? నీకు ఇనవడుతుందా?"

"లేదు బాపు. నాకేం ఇనవడ్తలేదు."

అమ్మ హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. "పండుగ పూట ఈల లేదు గీల లేదు. బొట్టు వెట్టు, జమ్మికి పోవాలె. వయసైతున్నది, చెవులు గుయ్యిమంటున్నయేమో."

బాపు ఇంకొక్కసారి విన్నాడు. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ వైపు చూసి, దాన్ని బట్టతో తుడిచి పక్కన పెట్టేశాడు. కారుకు బొట్టు పెట్టాడు. నా అబద్ధం అక్కడితో అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. బాపు మనసులో ఆ ఈల ఉండిపోయింది. లేని చప్పుడు వినిపిస్తోందంటే తన చెవులే పోయాయని ఆయన నిశ్చయానికి వచ్చాడు. పక్కింటాయన ట్రాక్టర్ తెస్తే, "ఇగ నాతోని గాదు తమ్మీ, నాకు లేని చప్పుళ్ళు ఇనవడుతున్నయ్. శంషాబాద్ తీస్కపో" అన్నాడు. అమ్మ భయపడి దవాఖానకు తీసుకెళ్ళింది. డాక్టరు పరీక్ష చేసి, వయసుకు తగ్గట్టు కొంచెం తగ్గింది, పరవాలేదన్నాడు. బాపుకు ఆ తగ్గింది అన్న ఒక్క మాటే మిగిలింది. దీపావళికి ముందు పాత లుంగీ చింపి, పానాలన్నిటికీ నూనె రాసి, చుట్టి, అటక మీద పెట్టేశాడు. ఆదివారం వచ్చినా బానెట్ ఎత్తలేదు. రేకుల కింద కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజుల్లో డైరీలో వానల గురించి, ఆఫీసు గురించి, చదువుతున్న పుస్తకాల గురించి పేజీలు పేజీలు రాశాను. ఈ సంగతి తప్ప.

కార్తీకమాసంలో ఒక సెలవు రోజు పొద్దున కారు స్టార్ట్ చేసేసరికి వెనక నుంచి నీలం పొగ లేచింది. రేకుల కింద అంతా కమ్ముకుంది. ముఖం కడుక్కుంటున్న బాపు చెంబు వదిలేసి వచ్చాడు. పొగ వాసన చూశాడు.

"నూనె కాలుతున్నది. బంద్ చెయ్." ఆపాను. ఆయన అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "శ్రావణంల నేనే గద నూనె మార్చిన. ఏదో తప్పు జేసిన బిడ్డా. చెవులు పోయినయనుకున్న, చేతులు గూడ పోయినయ్. ఇగ నా చెయ్యి దీని మీద పడొద్దు. కంపెనోళ్ళకు ఇయ్యి."

ఆయన తన చేతులు చూసుకుంటున్నాడు. ఇంజిను పోతే పోనీ, ఇంకా నిజం చెప్పకుండా ఊరుకుంటే ఈ మనిషి పోతాడని నాకప్పుడు అర్థమైంది.

"బాపు, నేను కారుకు ట్యూనింగ్ చేపిచ్చిన" అన్నాను.

"ఏందీ?" అన్నాడు చెవికి చెయ్యి అడ్డం పెట్టి.

"ట్యూనింగ్ చేపిచ్చిన బాపు."

"జర గట్టిగ చెప్పు, నాకు సక్కగ ఇనవడ్తలేదు."

నా గొంతు అంతే అని ఆయనకు తెలుసు. కానీ ఇప్పుడు తప్పంతా తన చెవులదే అనుకుంటున్నాడు. నేను ఊపిరి పీల్చుకుని అరిచాను. "నేను కారుకు ట్యూనింగ్ చేపిచ్చిన! ఇంజిన్ ఎక్కువ లాగెటట్టు చేపిచ్చిన! శివరాత్రి అయినంక! నీకు చెప్పలే!"

పక్కింటి డాబా మీద బట్టలు ఆరేస్తున్నావిడ ఆగిపోయింది. అమ్మ వాకిట్లోకి వచ్చింది. బాపు లేచి నిలబడ్డాడు.

"అంటే... గా ఈల నిజంగనే ఉన్నదా?"

"ఉన్నది బాపు."

"దసరా నాడు?"

"దసరా కంటె ముందటి సందే ఉన్నది. నేను గూడ ఇన్న."

తిడతాడనుకున్నాను. బాపు అమ్మ వైపు తిరిగాడు. "ఏమే, ఇన్నవా? ఉన్నదంట! ఈల ఉన్నదంట! దవాఖానకు తీస్కపోతివి గదా నన్ను, చెవుల నూనె చుక్కలేస్తివి గదా!"

"పిల్ల ఇంజిన్ కరాబ్ చేసిందంటె సంబురపడుతవేందయ్యా?" అంది అమ్మ.

"ఇంజిన్‌దేముంది, బాగైతది" అంటూ అటక కింద నిచ్చెన వేశాడు. పానాల మూట దించాడు. దాని ముడి విప్పుతుండగా ఆయన చేతులు నెమ్మదించాయి. ముఖం మారింది. "నా ఎదురుంగ నిలవడి, ఇనవడ్తలేదని చెప్పినవ్ గదా బిడ్డా" అన్నాడు. అంతే. ఆ తర్వాత బానెట్ ఎత్తి చూసి, ఇది టర్బో పని అని కారును కొత్తూరుకు లాగించాడు. నేను తిట్టించుకోవడానికి సిద్ధపడి ఉన్నాను గానీ, ఆ ఒక్క మాటకు కాదు.

కొత్తూరులో బాపు దగ్గర పని నేర్చుకున్న ఒకాయన టర్బోలు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. నలభై దాటినవాడు, తల నెరిసింది. అయినా బాపును చూడగానే స్టూలు మీంచి లేచి, "ఉస్తాద్, మీరెందుకొచ్చిన్రు, నేనే వస్తుంటి గదా" అన్నాడు. లాగించి తెచ్చిన కారు టర్బో విప్పి, మధ్యలో సన్నటి ఇరుసును వేళ్ళతో పట్టుకుని ఊపి చూపించాడు. కదలకూడనిది అటూ ఇటూ కదిలింది. లోపల నూనె పోయే సందుల్లో నూనె మాడి, పెనానికి అంటుకున్న మసిలా గట్టిపడి ఉంది.

"వేడివేడిగున్నప్పుడే బంద్ చేస్తున్నవా చెల్లె?" అన్నాడు. తల ఊపాను. "గదే. నువ్వు బంద్ చేస్తే నూనె ఆగుతది. వేడి ఆగదు. ఉన్న నూనె అక్కడికక్కడ మాడుతది."

"అంటే ట్యూనింగ్ చేపిస్తే ఇంజిన్ పాడైనట్టేనా అన్నా?"

"ఏం లేదు. నా దగ్గరికి ట్యూనింగ్ బండ్లు మస్తు వస్తయ్. మంచిగ చూస్కునేటోళ్ళవి ఏండ్లకేండ్లు నడుస్తున్నయ్. జర ఎక్కువ అరుగుతయ్, క్లచ్ తొందరగ పోతది, గంతే. చూస్కోనోళ్ళవి గిట్లొస్తయ్." ఆయన ఇంజినులోంచి కారిన నూనెను బొటనవేలు, చూపుడువేలి మధ్య రాశాడు. మళ్ళీ రాశాడు. వాసన చూశాడు. "గీ నూనె ఎవరు పోసిన్రు?"

బాపు గోడ మీద దేవుడి క్యాలెండర్ చూస్తున్నాడు.

"ఉస్తాద్, గిది లారీ నూనె గదా?"

"కంపెనోడు చెప్పింది నీళ్ళ లెక్క ఉన్నదిర" అన్నాడు బాపు ఇటు తిరగకుండానే. "చేతుల పోస్తె నిలుస్తలేదు. నా బిడ్డ బండికి గంత పల్చటి నూనె పోయబుద్ధిగాలె. చిక్కటిది ఉంటె ఇంజిన్ సల్లగుంటదని పోసిన."

"రెండేండ్ల సందా?"

"కొన్న కాడికెల్లి."

ఉస్తాద్ ముందు అరవలేక, నవ్వలేక ఆయన పడ్డ అవస్థ నేను చూశాను. చిక్కటి నూనె పొద్దున చల్లగా ఉన్నప్పుడు టర్బో దాకా చేరడానికి ఆలస్యమవుతుందనీ, ఆలోపు ఆ ఇరుసు ఎండుగొంతుతో తిరుగుతుందనీ గోడకు చెబుతున్నట్టు చెప్పాడు. "కంపెనీ లెక్కతోని నడిస్తే గీ నూనెకు గూడ ఓర్చుకుంటుండె. ట్యూనింగ్ ఒక్కటే ఉన్నా ఓర్చుకుంటుండె. ఒక దిక్కు నువ్వు, ఒక దిక్కు ఉస్తాద్. మధ్యల అదేం చెయ్యాలె చెల్లె?"

మేమిద్దరం బయటికొచ్చి టీ తాగాం. బాపు గ్లాసు సగం అయ్యాక మాట్లాడాడు.

"పది టన్నుల లారీకి పదిహేను ఎత్తినమనుకో. గారోజు ఏం గాదు. డ్రైవర్ నవ్వుకుంట పోతడు. ఎందుకంటె చేసినోడు కొంత జాగ ఇడిచిపెట్టి చేస్తడు. ఎండకని, గతుకులకని, కల్తీ డీజిల్‌కని, మాలెక్క మొండోళ్ళకని. గా జాగంత దినాం వాడుకుంటె, ఒకనాడు గతుకొస్తది. అప్పుడు ఇంక మిగిలి ఉండదు." గ్లాసు కింద పెట్టి, "గీ బండి జాగ సగం నువ్వు తిన్నవ్, సగం నేను తిన్న" అన్నాడు.

"తప్పైంది బాపు. నీతోని అబద్ధం చెప్పొద్దుండె."

"నేను నూనె సంగతి నీకు చెప్పిన్నా ఏంది? తాగు, సల్లారుతది."

టర్బో లోపలి భాగం కొత్తది వేశారు. మరుసటి ఆదివారం ట్యూనింగ్ ఆయనను నేనే ఇంటికి పిలిచాను. దాచిపెట్టిన పాత లెక్కను కారులోకి తిరిగి ఎక్కిస్తుంటే బాపు ఆయన భుజం మీంచి లాప్‌టాప్‌లోకి తొంగి చూశాడు.

"ఒక్క పానగూడ పట్టవా?"

"అవసరం రాదండీ బాబాయ్ గారూ."

"మరి చప్పుడు ఎట్ల ఇంటవ్?"

ఆయన ఆలోచించి, "వినమండీ. అంకెలు చూస్తాం" అన్నాడు. బాపు జాలిపడి ఆయనకు రెండోసారి టీ పోయించాడు.

కారు మళ్ళీ మునుపటిలాగే హైవే ఎక్కేచోట ఒక్క క్షణం తడబడుతోంది. లారీవాళ్ళు హారన్ కొడుతూనే ఉన్నారు, కొట్టనీ. కార్గో గేటు దగ్గర "అన్నా, ఒక్క నిమిషం" అనడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. గార్డు "తీస్కోండి మేడం, ఏముంది" అన్నాడు. పక్కింటాయన ట్రాక్టర్ రేకుల కిందికి తిరిగి వచ్చింది. బాపు పల్చటి నూనె డబ్బా కొనుక్కొచ్చాడు గానీ, దాన్ని పోసేటప్పుడు మాత్రం ఇప్పటికీ ముఖం చిట్లించుకుంటాడు.

కారు బాగైన తర్వాత మొదటి వారం, ప్రతి పొద్దునా స్టార్ట్ చేసే ముందు బాపును నేనే లేపేదాన్ని. స్క్రూడ్రైవర్ పట్టుకుని చలిలో కళ్ళు నులుముకుంటూ వచ్చేవాడు. ఏడో రోజు లేపడానికి వెళ్తే దుప్పటి తియ్యలేదు. లోపల్నుంచే అన్నాడు:

"నన్ను లేపకు బిడ్డా. స్టార్ట్ చేసి ఒక నిమిషం ఆగి పో. నేను మంచంల పండుకోనే చప్పుడు ఇంట, నాకు మంచిగనే ఇనవడుతుంది."